ఇద్దరు పట్టే రంపం

కరువు ఏడు ఆ యంత్రం నా చేతికి వచ్చింది. డెబ్బయ్యవ దశకం మొదటి సంవత్సరాలు అవి. అప్పుడు నేను మహారాష్ట్ర సరిహద్దున సర్ఖని దగ్గర ఒక ఊళ్ళో పశువుల దవాఖానాలో డ్రెస్సర్‌గా పనిచేస్తున్నాను. డాక్టరు కిన్వట్‌లో ఉండి వారానికోసారి వచ్చేవాడు. మిగతా రోజుల్లో సైకిలు వెనక మందుల పెట్టె కట్టుకుని ఊళ్ళు తిరగడం నా పని. మావైపు ఇంట్లో తెలుగు, సర్కారు కచేరీలో మరాఠీ, బజారులో హిందీ మాట్లాడతారు. ఏ భాషలో పిలిచినా ఆ ఏడు నాకు వచ్చిన కబురు ఒక్కటే. ఎద్దు పడిపోయింది, బర్రె లేస్తలేదు, జల్ది రా.

వెళ్ళేవాణ్ణి. సెలైన్ ఎక్కించేవాణ్ణి, బలానికి సూది వేసేవాణ్ణి. పశువుకు కావలసింది మేత. నా పెట్టెలో మేత లేదు. నేను పక్కన కూర్చుని మెడ నిమురుతూ ఉండగానే ఎన్ని ఎద్దులు కళ్ళు తేలేశాయో. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని వసారాలో కూర్చుంటే చేతులు ఊరికే ఉండేవి కావు. ఏదో ఒకటి బాగుచేయాలి, ఒక్కటైనా నా చేతుల్లో లేచి నిలబడాలి అనిపించేది.

ఆ రోజుల్లో ఒక రైతు ఇంట్లో ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే వెళ్ళాను. దూడ దక్కలేదు గానీ తల్లి బతికింది. చేతులు కడుక్కుంటూ కొట్టం మూల చూస్తే ఒక పెద్ద ఇనుప వస్తువు కనిపించింది. ఏళ్ళ తరబడి దాని మీద గడ్డి వేస్తూ వచ్చారట. ఆ ఏడు గడ్డి అడుగంటడంతో అది బయటపడింది.

"ఏందిది?" అని అడిగాను.

"ఇంజన్ కర్వత్, డాక్టర్ సాబ్. మా నాయిన జమానాల జంగల్ కంట్రాక్టర్ మనుషులు సాగ్వాన్ టేకు కోసేటందుకు తెచ్చిండ్రు. ఖరాబ్ అయినంక ఈడ్నే పడేసి పోయిండ్రు."

"నడుస్తదా?"

"ఎట్ల నడుస్తది? కావాల్నంటే తీస్కపో. ఆవు బతికింది, నాకు గదే చాలు."

మరునాడు ఎడ్లబండి మీద దాన్ని ఇంటికి తెచ్చాను. అది ఇద్దరు పట్టే చైన్ రంపం. ఒక చివర మోటారు సైకిలుకు ఉన్నంత ఇంజను, దానికి రెండు పిడులు. అక్కణ్ణుంచి మనిషి పొడవున ఇనుప పట్టీ, దాని అంచు చుట్టూ పళ్ళ చైను. అవతలి చివర ఇంకో మనిషి పట్టుకునేందుకు వంగిన పిడి. ఏ దేశంలో చేశారో చెప్పే పలకను తుప్పు తినేసింది. ఇంజను లోపల ఎలుకలు గూడు పెట్టుకున్నాయి.

నా భార్య వసారాలో చీపురు పట్టుకుని నిలబడి చూసింది. "ఇది మనుషులు పండే జాగ. ఇనుము పండేది కాదు."

"కొన్ని దినాలు ఆగు. నడ్వంగనే తీస్త."

"నడిస్తే ఏం జేస్తవ్ దాంతోని?"

నడిపించాలి, అంతే. అంతకంటే ముందుకు నేను ఆలోచించలేదు.

పిస్టన్ సిలిండరుకు అతుక్కుపోయి ఉంది. కిరసనాయిలూ ఆముదమూ కలిపి ప్లగ్గు రంధ్రంలోంచి పోసి, రోజూ పొద్దున డ్యూటీకి పోయే ముందు చెక్కతో మెల్లగా తట్టేవాణ్ణి. దెబ్బ గట్టిగా కొడితే పగులుతుంది, కొట్టకపోతే కదలదు. వానలు పడి, ఊళ్ళో మళ్ళీ పచ్చగడ్డి కనిపించేదాకా అది కదలలేదు. ఒకరోజు వెంట్రుక మందం జారింది. వసారాలోంచి కేక పెట్టాను. నా భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "ఏం కుట్టింది?" అని అడిగింది. తేలు కుట్టిందనుకుంది.

కార్బొరేటరులో పెట్రోలు మీద తేలే బెండు పొడి పొడి అయిపోయింది. ఫినాయిలు జాడీల పెద్ద బిరడాలు దవాఖానా వెనక చెత్తలో పడి ఉండేవి. వాటిలో ఒకదాన్ని బ్లేడుతో చెక్కి, వడ్రంగి దగ్గర లక్క పాలిష్ తెచ్చి పూతలు పూశాను. పూత పలచనైతే పెట్రోలు పీల్చుకుని మునిగేది, మందమైతే బరువెక్కి మునిగేది. చెక్కుతూ పోయాను. సన్నని రంధ్రాలు శుభ్రం చేయడానికి మొద్దుబారిన ఇంజెక్షన్ సూదులు ఉండనే ఉన్నాయి. ఆ పనిలో మాత్రం నా ఉద్యోగం నాకు కలిసొచ్చింది.

పిస్టన్ రింగులు మావైపు దొరికే మాటే లేదు. సెలవు పెట్టి కిన్వట్‌లో రైలెక్కి, ముద్ఖేడ్ మీదుగా నాందేడ్ వెళ్ళాను. లారీలు బాగుచేసే ఒక సర్దార్జీ షెడ్డు ఉందని ఎవరో చెప్పారు. సంచీలోంచి పిస్టన్ తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి నవ్వాడు.

"ఇది చచ్చి చాలా కాలమైంది, డాక్టర్ సాబ్" అన్నాడు హిందీలో.

"చచ్చేవాటిని చూసీ చూసీ విసుగొచ్చే దీన్ని పట్టుకున్నాను" అన్నాను.

ఆయన నవ్వు ఆపి నా మొహం వైపు చూశాడు. కరువులో ఏం జరిగిందో ఆయనకు చెప్పనవసరం లేదు. లోపలికి వెళ్ళి పాత మోటారు సైకిళ్ళ రింగుల డబ్బా తెచ్చి నేల మీద కుమ్మరించాడు. ఇద్దరం కూర్చుని వెతికాం. సరిగ్గా సరిపోయేది ఏదీ లేదు. కొంచెం పెద్దవి దొరికితే ఆయనే ఆకురాయితో కొసలు అరగదీసి, సిలిండర్లో పెట్టి వెలుతురుకు ఎత్తి చూసి ఇచ్చాడు. "స్టార్ట్ అయినరోజు వచ్చి చెప్పాలి" అని ఒట్టు వేయించుకున్నాడు.

స్టార్టయింది. కానీ ఆ రోజుకు నా కుడి అరచేతిలో తాడు కోసిన గీతలు కాయలు కాశాయి. ఎన్నిసార్లు లాగానో నాకే తెలియదు. ఒక్కసారిగా నీలం పొగ, ఆ వెనకే చెవులు చిల్లులు పడే మోత. కోళ్ళు ఇంటి కప్పు ఎక్కాయి. అవతలి పిడి పట్టుకోమని నేను పిలిచిన దవాఖానా చప్రాసీ పిడి వదిలేసి గేటు దాటాడు. ఎంత పిలిచినా రాలేదు. "నాకు పెండ్లాం పిల్లలున్నరు" అని రోడ్డు అవతలి నుంచే చెప్పాడు.

ఆ వారమంతా ఊళ్ళో గట్టి మనుషులని పేరున్న వాళ్ళందరినీ అడిగాను. దుంగ ఎత్తమంటే ఎత్తుతారు, ఎద్దు కొమ్ములు పట్టమంటే పడతారు. ఆ పిడి మాత్రం ముట్టరు. చైను తెగి ఎగిరితే అవతలివాడి తల పోతుందని కంట్రాక్టర్ల కాలం నుంచీ ఒక కథ ఉంది. అది పూర్తిగా కథ కూడా కాదు.

వసారాలో తల పట్టుకుని కూర్చున్న నన్ను చూసి నా భార్య కొంగు నడుముకు దోపింది.

"నేను పట్టుకుంట."

"నీకేం తెలుసు?"

"నీకేం తెల్సు మొదలు? తెల్సుకున్నవ్. నాగ్గూడ జెప్పు."

ఇంజను ఆపి, మోత లేకుండా ముందు నేర్పాను. అదిమి పట్టకూడదు, రంపం తన బరువుతో తానే దిగుతుంది. పట్టీ బిగుసుకుంటే పిడి చేతికి కొట్టుకుంటుంది, అప్పుడు నాకు తల ఊపాలి. చైను లూజైందనిపిస్తే ఆపాలి. మోతలో మాట వినపడదు కాబట్టి సైగలే గతి. పత్తి ఏరిన చేతులు ఆమెవి, కలుపు తీసి, నీళ్ళు మోసిన చేతులు. వానకు కూలిన ఒక తుమ్మ మొద్దును దొడ్డి వెనక ఇద్దరం కోశాం. పొట్టు ఆమె చీర నిండా పడింది. మొద్దు రెండై పడ్డాక ఇంజను ఆపితే, చెవుల్లో గుయ్యిమని మోత ఇంకా తిరుగుతుండగా ఆమె కోత మీద అరచేయి పెట్టి నిమిరింది. "ఎంత నున్నగ కోసింది!" అంది. ఆ రోజు నుంచి వసారా గురించి మాట రాలేదు.

తర్వాత ఊళ్ళు తిరిగేటప్పుడు నా కళ్ళు కొట్టాల్లో పశువుల్నే కాదు, మూలలూ వెతకడం మొదలుపెట్టాయి. జనమే చెప్పేవాళ్ళు, ఫలానా వాళ్ళింట్లో ఒకటుంది డాక్టర్ సాబ్ అని. ఒకచోట చిన్న రంపం బావి మోట తాడుకు బరువుగా వేలాడుతోంది. ముద్ఖేడ్ అంగడిలో పాత ఇనుము కొట్లో ఒకటి త్రాసు కింద ఎత్తుకు పెట్టారు. కొన్ని బాగయ్యాయి, కొన్ని వాటికి ముక్కలిచ్చి ఖాళీ అయ్యాయి. ఎన్ని వచ్చినా నేను ప్రాణం పెట్టింది ఆ ఇద్దరు పట్టేదాని మీదే.

అడవి అంచున ఉండే ఇంట్లో టేకు కోసే యంత్రాలు ఉన్నాయంటే అటవీశాఖకు కబురు పోకుండా ఎట్లా ఉంటుంది? అప్పట్లో మావైపు టేకు దొంగతనం జోరుగా ఉండేది. ఒక పొద్దున జీపు వచ్చింది. గార్డులు యంత్రాలన్నిటినీ ఎత్తి జీపులో వేసుకుని కిన్వట్ తీసుకుపోయారు. దొడ్డి వెనక ఉన్న తుమ్మ పొట్టు కూడా సంచిలో పట్టుకుపోయారు.

రేంజరు పుణె వైపు మనిషి. కఠినంగా ఉండేవాడు గానీ చెడ్డవాడు కాదు. నేనూ నా భార్యా వెళ్ళేసరికి యంత్రాలను ఆవరణలో వరసగా పెట్టి ఉన్నారు. నేను జరిగిందంతా మరాఠీలో చెప్పాను. ఆయన ఓపికగా విని, పెద్ద రంపాన్ని బూటుతో చూపించాడు.

"నాకు ఒక్క మాట చెప్పు. ఇది పాడైన ఇనుమైతే ఇప్పుడే తీసుకుపో, నాకు అభ్యంతరం లేదు. నడిచే యంత్రమైతే ఇక్కడే ఉంటుంది. నడుస్తుందా, నడవదా?"

నా భార్య వెనక నుంచి నా చొక్కా లాగింది. "నడ్వదని చెప్పు" అని తెలుగులో గొణిగింది. "చెప్పి ఇంటికి తీస్కపోదాం."

చెబితే అయిపోయేది. ఆ మాట నా నోటి దాకా వచ్చింది కూడా. కానీ అది చచ్చిన ఇనుము కాదు. అన్ని నెలలు నేను చేసింది ఆ ఒక్క మాట చెప్పడానికి కాదు. నేను వంగి పెట్రోలు తిప్పి, తాడు చుట్టి లాగాను. రెండోసారికే అందుకుంది. మోత ఆవరణంతా నిండింది. లోపలి గుమాస్తాలు కిటికీల దగ్గరికి వచ్చారు. కాసేపు నడవనిచ్చి ఆపాను.

"నడుస్తుంది, సాహెబ్" అన్నాను.

"అయితే ఇక్కడే ఉంటుంది" అన్నాడు రేంజరు.

తిరుగు బస్సు దిగాక నా భార్య, "గింత జిద్దు మనిషివని పెండ్లినాడే చెప్తే అయిపోతుండె గదా" అంది. ఆ మాటలో కోపం సగమే ఉంది.

నేను ఊరుకోలేదు. వారం వారం కిన్వట్ వెళ్ళాను. యంత్రం ఇవ్వమని అడగలేదు. "తడికి తుప్పు పడుతుంది సాహెబ్, ఆయిలు వేసి పోతాను" అనేవాణ్ణి. మొదటిసారి గార్డు తరిమేశాడు. తర్వాతి వారం మళ్ళీ వెళ్ళాను. ఆ తర్వాత రేంజరే గది తెరవమన్నాడు. జప్తు సామాను గదిలో కూర్చుని పిస్టన్ కదిలించి, చైనుకు ఆయిలు పట్టించి, చేతులు తుడుచుకుని, నమస్కారం పెట్టి వచ్చేసేవాణ్ణి. ఎండాకాలం అట్లాగే గడిచింది. గార్డులు నన్ను చూసి నవ్వడం మానేసి చాయ్ పోయడం మొదలుపెట్టారు.

తొలకరి గాలికి ఆఫీసు ఆవరణలోని పెద్ద వేపచెట్టు విరిగి జీపు షెడ్డు మీద పడింది. కప్పు మీద సగం, గోడ మీద సగం వాలి ఉంది. గొడ్డలి దెబ్బకు అదిరితే గోడ కూలేట్టుంది. రేంజరు నాకు కబురు పంపాడు. నేను వెళ్ళి, "అవతలి పిడికి నా భార్య రావాలి" అన్నాను. ఆయన నమ్మలేదు. ఆమె వచ్చి, కొంగు దోపి, చెవులకు గుడ్డ చుట్టుకుని పిడి పట్టుకున్నాక ఆయన టోపీ తీసి పక్కన పెట్టి చూస్తూ నిలబడ్డాడు. మధ్యాహ్నానికి చెట్టు ముక్కలుగా నేల మీద ఉంది, గోడ గోడలాగే ఉంది.

"తీసుకుపో" అన్నాడు. "కోసే ముందు గార్డుకు చెప్పు. పచ్చని చెట్టు ముడితే మాత్రం నిన్ను కూడా ఆ గదిలోనే పెడతాను." నేను ఆ షరతు ఎప్పుడూ తప్పలేదు.

ఆ పైన కొన్నేళ్ళు రోడ్డు మీద చెట్టు పడ్డా, ఇంటి మీద పడ్డా మాకు కబురు వచ్చేది. కానీ నేను చెప్పదలచుకున్నది ఎనభైల మొదట్లో వచ్చిన వాన గురించి.

మా ఊరి కింద వాగు ఉంది, దాని మీద రోడ్డుకు చిన్న వంతెన. వంతెనకు పైవైపు పల్లంలో కూలి చేసుకుని బతికేవాళ్ళ వాడ. విడవకుండా పడుతున్న వానకు ఎగువన ఒక పెద్ద మద్దిచెట్టు వేళ్ళతో సహా కొట్టుకొచ్చి వంతెన తూముకు అడ్డంగా ఇరుక్కుంది. దానికి చెత్తా చెదారం తగులుకుని కట్టలా అయింది. నీళ్ళు పోయే దారి లేక వాడ వైపు తిరిగాయి. పొద్దున మేం వెళ్ళేసరికి ముందు వరస ఇళ్ళలో నడుముల్లోతు నీళ్ళు. మట్టిగోడలు కూర్చుండిపోతున్నాయి. ముసలివాళ్ళనూ మేకలనూ రోడ్డు మీదికి మోస్తున్నారు. గొడ్డళ్ళు పట్టుకుని కొందరు మొద్దు మీదికి దిగారు గానీ, నీళ్ళలో దెబ్బ ఆనడం లేదు.

మేం వంతెన అంచు మీద రంపం దించాం. ఇంజను తడిస్తే అయిపోతుంది. వాడలోని ఇద్దరు గొంగడి విప్పి మా నెత్తి మీద పందిరిలా పట్టారు. నేను వంతెన మీద మోకాళ్ళు ఆనించాను. నా భార్య అవతల మొద్దు పక్కన, వంతెనను ఆనుకున్న రాతికట్టు మీద నిలబడింది, ఆమె నడుముకు తాడు కట్టి ఒకతను పట్టుకున్నాడు. రంపం సగం దిగేసరికి మొద్దు మూసుకుని పట్టీని కరిచింది. ఆమె తల ఊపింది. ఆపి, కోతలో ఇనుప చీలలు దిగగొట్టించి, మళ్ళీ లాగాను. తడికి అందుకోలేదు. ప్లగ్గు విప్పి బనీనుతో తుడిచి పెట్టి లాగాను. అందుకుంది.

మూడొంతులు తెగాక మొద్దులోంచి పిస్తోలు పేలినట్టు చప్పుడు వచ్చింది. వెంటనే నీళ్ళు దాన్ని విరిచేశాయి. ఒక ముక్క తిరగబడి రంపాన్ని తనతో లాక్కుంది. నా చేతులు పిడులకు అతుక్కుపోయాయి. వదలాలని తెలుసు, వదలలేదు.

"ఇడ్సిపెట్టు!" అని ఆమె అరిచింది. ఆమె తన పిడి అప్పటికే వదిలేసింది. నేను వదలకపోవడం చూసి రాతికట్టు మీది నుంచి ఒక్క అంగలో వచ్చి నా మెడ దగ్గర చొక్కా పట్టుకుని వెనక్కి గుంజింది. ఇద్దరం వంతెన మీద వెల్లకిలా పడ్డాం. రంపం నీళ్ళలోకి పోయింది. దాని మోత ఒక్కసారి గుడగుడమని ఆగిపోయింది.

ఆ వెనకే తూము పెళ్ళుమని తెరుచుకుంది. మొద్దూ చెత్తా అన్నీ కిందికి కొట్టుకుపోయాయి. వాడలో నీళ్ళు కళ్ళ ముందే దిగడం మొదలైంది. జనం అరుస్తున్నారు, ఏడుస్తున్నారు. కూలిన ఇళ్ళు కూలాయి గానీ మనిషి ఎవరూ పోలేదు. నేను మాత్రం నీళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాను. నా భార్య ఊపిరి తీసుకుంటూ, "నీకంటె ఎక్కువనా అది?" అంది. నేను ఆమె చేయి పట్టుకున్నాను.

వాగు తగ్గాక వెతకడానికి వెళ్ళాను. నేను ఎవరినీ పిలవలేదు. వాడ వాళ్ళే పారలు పట్టుకుని వచ్చారు. వాళ్ళ ఇళ్ళ గోడలు ఇంకా లేవలేదు, అయినా వచ్చారు. వంతెనకు చాలా కిందుగా, వాగు మలుపులో ఇసుక మేటలో గొంగడి పట్టినతని పారకు ఖంగుమని తగిలింది. పట్టీ వంకర తిరిగింది. చైను లేదు. ఇంజను నిండా ఇసుక, కింది డొక్కలో పగులు.

వసారాలో పాత జాగాలోనే దాన్ని దించారు. నేను స్క్రూడ్రైవరు అందుకుంటుంటే నా భార్య గిన్నెలో కిరసనాయిలు పోసి తెచ్చి పక్కన పెట్టింది. మళ్ళీ మొదటి నుంచి విప్పాను. పగులుకు నాందేడ్ సర్దార్జీ ఇత్తడి అతుకు వేసి ఇచ్చాడు. పట్టీని కొలిమిలో కాల్చి కొట్టించాను. వంకర మొత్తం పోలేదు, చైను ఒక పక్కకు గుంజేది. అది ఎట్లా సరిచేయాలో తెలుసుకోవడానికి ఇంకో ఎండాకాలం పట్టింది. ప్లగ్గుకు నిప్పురవ్వ ఇచ్చే కాయిలు రెండుసార్లు చుట్టించాను. మధ్యలో నాకు ముద్ఖేడ్‌కు బదిలీ అయింది. రైలు పెట్టెలో విప్పిన ముక్కలన్నీ గోనెసంచుల్లో మాతోపాటే వచ్చాయి.

ముద్ఖేడ్‌లో మేం దిగిన ఇంటి వెనక ఎవరో కొట్టి వదిలేసిన ఎండు చింత మొద్దు ఉండేది. ఒక ఆదివారం పొద్దున రంపాన్ని దాని పక్కకు మోసుకుపోయాం. నేను ఇంజను వైపు నడుస్తుంటే నా భార్య అడ్డం వచ్చింది.

"నువ్వు అటు పో. ఈసారి ఇంజన్ దిక్కు నేను పడ్త."

"తాడు గుంజుడు కష్టం."

"ఇన్నేండ్లు చూస్తలేనా? జరుగు."

నేను అవతలికి వెళ్ళి వంగిన పిడి పట్టుకున్నాను. ఆమె కాలు ఆనించి తాడు లాగింది. అందుకోలేదు. జుట్టు ముడి బిగించుకుని మళ్ళీ లాగింది. మళ్ళీ లాగింది. నీలం పొగ లేచి, ఇంజను అందుకుంది. సిద్ధమేనా అన్నట్టు ఆమె గడ్డంతో సైగ చేసింది. తల ఊపాను. ఇద్దరం కలిసి రంపాన్ని మొద్దు మీదికి దించాం.